నాన్నతో కొలంబియా గోర్జ్ నడిచిన ఐదు నెలలు - నా అనుభవం

నాన్న మార్చి నెలాఖర్లో వచ్చారు. అక్క పురిటికని అమ్మ బెంగళూరులో ఉండిపోవాల్సొచ్చింది, అందుకని ఆయనొక్కరే రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కణ్ణించి ఇంకో రెండు ఫ్లైట్లు మారి అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో దిగారు. మేముండేది ఆ పక్కనే హిల్స్‌బరోలో, 2016 నుంచీ ఇక్కడే. మొదటి వారం జెట్‌లాగ్‌తో సరిపోయింది, రెండో వారానికి ఆయనకి అపార్ట్‌మెంట్ చుట్టూ తిరగడం విసుగొచ్చేసింది, ఎంత నడిచినా ఒక్క మనిషి కనపడడు, కనపడినా హాయ్ అని వెళ్ళిపోతాడు. గోదారి గట్టున పొద్దున్నే నలుగురితో మాట్లాడుతూ నడిచే మనిషికి అదెంత కష్టమో నాకు తెలుసు.

ఆ ఆదివారం, ఇక్కడ అమ్మానాన్నలొస్తే మనవాళ్ళందరం చేసేదే నేనూ చేసాను. కొలంబియా గోర్జ్‌కి కార్లో గంట ప్రయాణం, దారిలో క్రౌన్ పాయింట్ అనే కొండకొమ్ము మీద విస్టా హౌస్ దగ్గర ఆగి నది కనపడేలా ఫోటో, తర్వాత మల్ట్‌నోమా ఫాల్స్, అక్కడ మధ్యలో ఉన్న బెన్సన్ బ్రిడ్జి దాకా ఎక్కి ఇంకో ఫోటో, కింద లాడ్జిలో కాఫీ, అయిపోయింది. అక్కడున్నది మొత్తం నలభై నిమిషాలు. బ్రిడ్జి 1914లో కట్టిందని, జలపాతం రెండు అంచెలూ కలిపి 620 అడుగులని బోర్డు చదివి చెప్పాను. నాన్న అవేవీ పెద్దగా పట్టించుకోకుండా తల బాగా వెనక్కి వంచి నీళ్ళు పడే అంచు వైపే చూస్తూ, "ఆ పైన ఏవుందమ్మా?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్ళలో చుట్టాల్ని, ఫ్రెండ్స్‌నీ ఎంతోమందిని అక్కడికి తీసుకెళ్ళుంటా, ఒక్కసారి కూడా ఆ బ్రిడ్జి దాటి పైకి వెళ్ళలేదు. "కొండే ఉంటుంది నాన్నా" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు కానీ ఇంటికొచ్చాక నాకే నచ్చలేదు. ఆ రాత్రి కూచుని నడకదారుల (ట్రైల్) మ్యాప్‌లన్నీ వెతికాను. అలా మొదలై ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇంచుమించు ప్రతి వారం వెళ్ళాం. నాలాగా పెద్దవాళ్ళని కారులోంచి చూపించి తీసుకొచ్చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నా.

ముందు ఆ చోటు గురించి. కొలంబియా నది క్యాస్కేడ్ కొండల్ని అడ్డంగా కోసుకుంటూ పసిఫిక్ వైపు వెళ్ళే దారి ఈ గోర్జ్, పొడవు 80 మైళ్ళు పైన, కొన్నిచోట్ల లోతు 4,000 అడుగులు. దక్షిణం ఒడ్డు ఒరెగాన్, ఉత్తరం ఒడ్డు వాషింగ్టన్. నాన్న మొదటిరోజే దీన్ని "గండి" అన్నారు, మా వైపు కొండల మధ్య నది ఇరుకయ్యే చోటుని అదే అంటారు కదా, ఆ తర్వాత మా ఇంట్లో ఎవ్వరం గోర్జ్ అనలేదు, "ఈ శనివారం గండికెళ్దామా" అనే అడిగేవాళ్ళం. ఇంకో విచిత్రం ఏంటంటే పడమర కొసన అంతా పాచి, ఫెర్న్‌లు, తడి, అచ్చం వానాకాలం మారేడుమిల్లి, అదే రోడ్డు మీద తూర్పుకి ఒక గంట వెళ్తే చెట్లు తగ్గిపోయి ఎండుగడ్డి కొండలు, రాయలసీమలో దిగినట్టుంటుంది. మేఘాలన్నీ కొండలకి పడమర వైపే కురిసేసి తూర్పుకి ఖాళీగా వెళ్తాయి, అదీ కారణం.

తయారీ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. నాన్నకి 64, బీపీ మాత్ర వేసుకుంటారు, కుడి మోకాలు ఎక్కువ మెట్లు దిగితే నొప్పి. ఇండియా నుంచి తెచ్చుకున్నవి ఒక జత తోలు చెప్పులు, ఒక జత కాన్వాస్ షూ. ముందు షూ కొన్నాం, చీలమండ పైకొచ్చేవి, అడుగున పట్టు ఉన్నవి, షాపుకి సాయంత్రం వెళ్ళి కొనాలి ఎందుకంటే అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి, పొద్దున్న సరిపోయిన షూ నడిచాక బిగుసుకుంటుంది. కాలివేళ్ళ ముందు అర అంగుళం ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. తర్వాత రెండు చేతికర్రలు, ట్రెకింగ్ పోల్స్ అంటారు కదా అవి. నాన్న మొదట ఒప్పుకోలేదు, "నాకేం ముసలితనం వచ్చిందా కర్రెందుకు" అన్నారు, దిగేటప్పుడు మోకాలి మీద బరువు తగ్గుతుందని ఒకసారి వాడి చూసాక ఆయనే అవి లేకుండా బయటికి రాలేదు. కాటన్ బనియన్లు మానిపించాను, ఇక్కడ చెమటతోనో వానతోనో తడిస్తే కాటన్ ఆరదు, పైన గాలికి వణుకు పుడుతుంది. పల్చటి పాలిస్టర్ షర్టు, మీద ఒక ఉన్ని స్వెట్టరు, బ్యాగులో రెయిన్ జాకెట్, ఎండాకాలంలో కూడా.

తిండి విషయంలో మనదే బెస్ట్. పులిహోర చేతికంటకుండా తినొచ్చు, పాడవ్వదు, ఉప్పు ఉంటుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. గోర్జ్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇంకా బయల్దేరే రోజు పొద్దున్నే ఆ ట్రైల్ తెరిచుందో లేదో చూసుకోవాలి, రాళ్ళు పడి, చెట్లు పడి ఎప్పుడు ఏది మూసేస్తారో చెప్పలేం. పాస్‌లు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కొన్ని ట్రైల్స్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, మేం కొన్నప్పుడు రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30, వారం వారం వెళ్ళేవాళ్ళకి ఏడాదిదే లాభం. మల్ట్‌నోమా దగ్గర సమ్మర్‌లో హైవే మీదున్న పార్కింగ్‌కి ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాల్సొచ్చేది మేం వెళ్ళినప్పుడు. డాగ్ మౌంటెన్‌కి పువ్వుల సీజన్‌లో వీకెండ్ వెళ్తే పర్మిట్. అన్నిటికన్నా ముఖ్యం, కార్లో బ్యాగులు, లాప్‌టాప్‌లు కనపడేలా వదలొద్దు, మా ఫ్రెండ్ వాళ్ళ కారు అద్దం ఒక ట్రైల్ దగ్గర పగలగొట్టి పాస్‌పోర్ట్‌లున్న బ్యాగు ఎత్తుకుపోయారు, విజిటర్ వీసా మీదొచ్చిన వాళ్ళత్తగారు ఆ నెలంతా ఎంత ఇబ్బంది పడ్డారో.

మొదటి నడక లటూరెల్ ఫాల్స్. చుట్టి మళ్ళీ మొదటికే వచ్చే దారి (లూప్) అంతా రెండున్నర మైళ్ళ లోపే. ఆ జలపాతం వెనకున్న గోడ చూడాలి, నల్లరాయి నిలువుగా స్తంభాలు పేర్చినట్టుంటుంది, దాని మీద ఒక పక్కంతా పాచిలాంటి పసుపురంగు లైకెన్, ఎవరో పసుపు రాసి వదిలేసిన గడపలాగా. నాన్న ఆ రాయి ముక్కొకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి "ఇది మన దుద్దుకూరు రాయే కదా" అన్నారు. నేను నవ్వేసాను కానీ ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పింది నిజం. ఇది బసాల్ట్, కోటిన్నర ఏళ్ళ కిందట తూర్పున నేల పగుళ్ళలోంచి లావా పొంగి వరదలా వచ్చి పొరలు పొరలుగా గడ్డకట్టింది. మన దుద్దుకూరు, పంగిడి, కాతేరు దగ్గర క్వారీల్లో తీసే నల్లరాయి కూడా అలాంటి లావానే, దక్కన్‌లో ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పొంగింది, రాజమండ్రి ట్రాప్స్ అని పేరు కూడా ఉందంట. నేను పుట్టి పెరిగిన ఊరికి అంత దగ్గర్లో ఉన్న రాయి గురించి ఇంతదూరం వచ్చి తెలుసుకున్నా. ఆ ముక్క మాత్రం అక్కడే పెట్టించేసాను, అక్కణ్ణించి ఏదీ తీసుకురాకూడదు.

జలపాతాలు ఒకే వరసలో ఇన్ని ఎందుకున్నాయని నాన్న అడిగారు, స్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, కారణం చెప్పకపోతే వదలరు. అది ఐస్ ఏజ్ చివర్లో జరిగిన కథ. మోంటానా వైపు మంచు గడ్డ నదికి అడ్డుపడి పెద్ద చెరువు తయారయ్యేది, ఆ మంచు ఆనకట్ట తెగినప్పుడల్లా చెరువంతా ఒక్కసారిగా ఈ గండిలోంచి వచ్చిపడేది, ఒకసారి కాదు, పదుల సార్లు, మిస్సౌలా వరదలు అంటారు. విస్టా హౌస్ ఉన్న క్రౌన్ పాయింట్ నది మీంచి 733 అడుగుల ఎత్తు, ఇంచుమించు ఆ ఎత్తున నీళ్ళు పారాయంటే ఊహించుకోండి. ఆ వరద కొండల పాదాల్ని చెక్కేసి నిటారు గోడలు చేసేసింది, పక్కలనుంచి మెల్లగా దిగి నదిలో కలిసే వాగులకి కింద నేల పోయింది, ఇంక దూకడం తప్ప దారి లేదు. అందుకే ఇన్ని జలపాతాలు. నాన్న అది విని చాలాసేపు నిలబడ్డారు, "మరి వాగులకి తెలీదు కదమ్మా నేల పోయిందని" అన్నారు.

తర్వాతి వారం హార్స్‌టెయిల్ పక్కనుంచి పోనీటెయిల్ ఫాల్స్. అర మైలు కూడా ఉండదు, కానీ అది జలపాతం వెనకనుంచి నడిచే దారి, నీటి కింద రాయి లోపలికి తొలుచుకుపోయి వరండాలా ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మొదట ఇదే పెట్టుకోండి, కష్టం తక్కువ, వాళ్ళ మొహం చూస్తే మనకి తృప్తి.

ఏప్రిల్ చివర్లో తూర్పు వైపు వెళ్ళాం, రోవీనా దగ్గర టామ్ మెకాల్ ప్రిజర్వ్. కొండంతా పసుపు పచ్చ బాల్సమ్‌రూట్ పువ్వులు, చిన్న పొద్దుతిరుగుళ్ళలా ఉంటాయి, మధ్యమధ్యలో ఊదారంగు లూపిన్, కింద నది, గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది. ఇక్కడే నా పొరపాటు జరిగింది. పాయిజన్ ఓక్ అనే మొక్క గురించి బోర్డు ఉంది, నేను చదివాను, నాన్నకి చెప్పలేదు, దారిలోనే నడుస్తున్నాం కదా అనుకున్నా. ఆయన ఒక పొద దగ్గర ఆగి మెరుస్తున్న లేతాకులు చూసి "మారేడు దళంలా ఎంత బావుందో" అని ఒక రెమ్మ తుంచి చేత్తో నలిపి వాసన చూసారు. మూడాకులు, అదే దాని గుర్తు. మన దురదగొండి అయితే ముట్టుకోగానే తెలిసిపోతుంది, ఇది అలా కాదు, ఆ రోజంతా ఏం లేదు, మర్నాడు సాయంత్రానికి చేతులు, ముక్కు, మెడ అంతా ఎర్రగా పొక్కులు. ఆకులోని జిడ్డు చర్మానికి అంటుకుని ఉంటుంది, వెంటనే సబ్బుతో, చన్నీళ్ళతో రుద్ది కడిగేసుంటే చాలావరకు తగ్గేది, బట్టలు, చేతికర్రల పిడి కూడా కడగాలి లేకపోతే మళ్ళీ అంటుకుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మందులిచ్చారు, రెండు వారాలు పట్టింది తగ్గడానికి. ఆయన ఒక్కమాట కూడా అనలేదు కానీ నేను ఆ రెండు వారాలూ సరిగ్గా నిద్రపోలేదు. పెద్దవాళ్ళకి చెట్లంటే చనువు, ఆకు కనపడితే ముట్టుకుంటారు, తుంచుతారు, అది వాళ్ళకి పుట్టుకతో వచ్చింది, అందుకని కారు దిగకముందే ఫోటో చూపించి చెప్పండి. ఆ తూర్పు వైపు పేలలాంటి పురుగులు, టిక్స్ కూడా ఉంటాయి, వచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ వెనక చూసుకోవాలి.

మే మూడో వారంలో, ఆ పైన ఏవుందన్న నాన్న అసలు ప్రశ్నకి జవాబు వెతకడానికి వెళ్ళాం. వకీనా ఫాల్స్ నుంచి ఎక్కి మల్ట్‌నోమా వైపు దిగే లూప్, అయిదు మైళ్ళు, 1,600 అడుగుల ఎక్కుడు. రెండు జలపాతాలకీ మధ్య రోడ్డు వెంట ఒక చిన్న దారి ఉంది కాబట్టి కారు ఎక్కడ పెట్టినా పర్లేదు. వకీనా వైపు ఎక్కడం ఎందుకంటే అటు జనం తక్కువ, నిటారు మలుపులు కాళ్ళలో శక్తి ఉన్నప్పుడే అయిపోతాయి. ఏడుకి మొదలుపెట్టాం, నాన్న నెమ్మదిగా, ఎక్కడా ఆయాసపడకుండా, ప్రతి మలుపు దగ్గరా ఒక నిమిషం ఆగుతూ ఎక్కారు. తిరుపతి మెట్లు ఎక్కిన అలవాటు అన్నారు. ఫెయిరీ ఫాల్స్ అని ఒక చిన్న జలపాతం ఉంది, విసనకర్రలా విచ్చుకుని రాళ్ళ మీంచి జారుతుంది, దారి పక్కనే, అక్కడ పులిహోర తిన్నాం.

ఆ పైన అడవి మారిపోయింది. నల్లగా కాలిపోయిన మాన్లు, ఆకు లేకుండా, కొండంతా నిలబడే ఉన్నాయి. 2017 సెప్టెంబర్ 2న ఈగిల్ క్రీక్ దగ్గర పదిహేనేళ్ళ కుర్రాడొకడు బాణాసంచా లోయలోకి విసిరాడు, దాంతో మొదలైన మంట ఇంచుమించు 50,000 ఎకరాలు కాల్చేసింది, నది దాటి వాషింగ్టన్ ఒడ్డున కూడా అంటుకుంది, 150 మంది దాకా హైకర్లు దారి మూసుకుపోయి రాత్రంతా అడవిలోనే ఉండిపోయారు. ఆ వారం పోర్ట్‌లాండ్‌లో కార్ల మీద బూడిద రాలింది, నాకు బాగా గుర్తు. నాన్నకి ఇదంతా చెప్తే ఆయన మానుల్ని కాకుండా కింద నేలని చూపించారు, మోకాలెత్తు పచ్చదనం, కొత్త మొక్కలు, పోడు కాల్చాక ఏజెన్సీలో నేల ఎలా లేస్తుందో అలాగే ఉందన్నారు. కానీ వేర్లు చచ్చిపోయిన చోట మట్టిని పట్టుకునేదేం ఉండదు, అందుకే ఇన్నేళ్ళయినా వానలకి రాళ్ళు, మట్టి జారుతూనే ఉన్నాయి. గాలి ఎక్కువున్న రోజు, పెద్ద వాన పడ్డ మర్నాడు ఆ కాలిన అడవిలోకి వెళ్ళొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

పైనుంచి మల్ట్‌నోమా వాగు పక్కనే దిగుతాం, ఒకదాని తర్వాత ఒకటి మూడు జలపాతాలు, వాటిని చూడ్డానికి ఎవరూ రారు. తర్వాత పక్కదారిలో నాలుగడుగులు వేస్తే జలపాతం అంచు మీద కట్టిన చెక్క ప్లాట్‌ఫాం. నాన్న రెయిలింగ్ పట్టుకుని ముందు కిందకి చూసారు, పార్కింగ్‌లో కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి వాగుని చూసారు. అది చిన్నది. నిజంగా చిన్నది, అంచుకి ముందు మనిషెత్తు కన్నా కొంచెం పెద్ద దూకు ఒకటి దూకి, రాళ్ళ మధ్య సన్నగా పారి, చప్పుడు లేకుండా అంచు దాటి మాయమైపోతుంది. కిందనుంచి చూసిన ఆ 620 అడుగులకీ దీనికీ సంబంధం ఉందంటే నమ్మబుద్ధి కాదు. "ఇంత చిన్న వాగా అమ్మా!" అన్నారు. అలా అని వంగి చెయ్యి తడుపుకున్నారు. అక్కణ్ణించి కిందకి మైలు పైన తారు దారి, పదకొండు మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు రాసుంటుంది, మోకాలికి ఇదే కష్టమైన భాగం, కర్రలు ఇక్కడ పనికొచ్చాయి.

జూన్‌లో ఎండ పెరిగింది, ఒక వారం నడక మానేసి బోన్‌విల్ డ్యామ్ చూడ్డానికెళ్ళాం. 1937లో రూజ్‌వెల్ట్ ప్రారంభించిన డ్యామ్. దానికి చేపల కోసం పక్కనే మెట్లు కట్టారు, సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదే చేపలు ఆ మెట్లెక్కి డ్యామ్ దాటతాయి, నీటి మట్టం కింద గాజు కిటికీలు పెట్టి చూపిస్తారు, ఎన్ని వెళ్ళాయో లెక్క కూడా రాస్తారు. నేను సాల్మన్ చూపిద్దామని తీసుకెళ్ళా. నాన్న కిటికీకి మొహం ఆనించి ఒక్క నిమిషం చూసి నా చెయ్యి పట్టుకున్నారు. "పులసే ఇది!"

అవి షాడ్. వెండి పొలుసులు, పొట్ట దగ్గర రంపం అంచు, జూన్‌లో లక్షల్లో ఎక్కుతాయి. పులసకి ఇవి చుట్టాలే, ఇంగ్లీషులో పులసని కూడా హిల్సా షాడ్ అనే అంటారు. ఇక్కడ బెంగాలీవాళ్ళకి, మన గోదారి జిల్లాల వాళ్ళకి ఈ సంగతి తెలుసు, సీజన్‌లో లైసెన్స్ తీసుకుని డ్యామ్ కింద ఒడ్డున పట్టుకుంటారు, అమెరికన్లు ముళ్ళెక్కువని పెద్దగా తినరు. నాకు తెలిసినవాళ్ళు ఒకరు రెండు చేపలు ఇచ్చారు. నాన్నే శుభ్రం చేసి, చింతపండు పులుసులో బెండకాయలు వేసి, నెమ్మదిగా మరిగించి, ఆ పూట ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా మర్నాటికి దాచారు. గోదారి ఎర్రనీటి పులస రుచి అని చెప్పను, ఆయనా అనలేదు, కానీ రెండుసార్లు అన్నం కలుపుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఒకప్పుడు పులస ఎంత పైకి పోయేదో వాళ్ళ నాన్న చెప్పినవన్నీ ఆ భోజనం దగ్గర చెప్పారు, అవి నేనెప్పుడూ వినలేదు.

జులైలో ఈగిల్ క్రీక్. మంట మొదలైన చోటు ఇదే, మూడేళ్ళు పైనే మూసేసి 2021 జనవరిలో తెరిచారు. 1910లలో బసాల్ట్ గోడని పేల్చి చెక్కిన దారి, కొన్నిచోట్ల మూడు నాలుగడుగుల వెడల్పు, ఒకపక్క గోడ, రెండో పక్క ఏం లేదు. గోడకి ఉక్కు తాడు బిగించి ఉంటుంది పట్టుకోడానికి. చిన్నపిల్లల్తో దయచేసి వెళ్ళకండి. నాకు ఎత్తంటే భయం, మొదటి ఉక్కు తాడు దగ్గరే కాళ్ళు బిగుసుకుపోయాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, వెనక్కెళ్దాం అన్నాను. నాన్న నా ముందుకొచ్చి, "కిందకి చూడకు, నా షూ మడమ చూడు, నేనెక్కడ వేస్తే అక్కడ వెయ్యి" అని చిన్నప్పుడు రేవు మెట్లు దింపినట్టు దింపుకుంటూ తీసుకెళ్ళారు. మూడో తాడు దాటేసరికి కాళ్ళు వదులయ్యాయి. రెండు మైళ్ళ దగ్గర పంచ్ బౌల్ ఫాల్స్, గుండ్రటి గిన్నెలో దూకినట్టుంటుంది. మూడు మైళ్ళు దాటాక హై బ్రిడ్జి, ఇరుకు గండి మీద చిన్న వంతెన, చాలా లోతున వాగు. మేము అక్కడ ఆగిపోయాం.

దారి ఇంకా ఉంది, ఆరో మైలు దగ్గర టన్నెల్ ఫాల్స్, జలపాతం వెనక రాతిలో సొరంగం తొలిచి అందులోంచి దారి తీసుకెళ్ళారు, ఈ ట్రైల్‌కి అదే పేరు తెచ్చింది. నాన్న మోకాలు పట్టుకుని కూచున్నారు, "నేనిక్కడుంటా, నువ్వు చూసిరా, మూడు గంటలేగా" అన్నారు. చాలా ఆశగా ఉంది, అబద్ధం ఎందుకు. కానీ సిగ్నల్ లేనిచోట ఇద్దరొచ్చి విడిపోవడం తప్పు, ఆయనకి కళ్ళు తిరిగితే ఎవరు చూస్తారు. పదిన్నరకి వెనక్కి తిరిగాం. అప్పుడు కొంచెం బాధేసింది, ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఐదు నెలల్లో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదే.

ఆగస్టులో, ఆయన వెళ్ళడానికి వారం ముందు, ఇంకా తూర్పుకి సిలైలో దగ్గరికి వెళ్ళాం. అక్కడ నడవడానికేం లేదు, నది ఒడ్డున ఒక పార్కు, అంతే. నీళ్ళు చెరువులా కదలకుండా ఉన్నాయి. 1957 మార్చి 10 దాకా అక్కడ సిలైలో జలపాతం ఉండేది, వేల ఏళ్ళుగా నేటివ్ అమెరికన్ తెగలవాళ్ళు రాళ్ళ మీద చెక్క మంచెలు కట్టుకుని వలలతో సాల్మన్ పట్టేవాళ్ళు, చుట్టుపక్కల తెగలన్నిటికీ అది పెద్ద సంత. ఆ రోజు దిగువన ద డాల్స్ డ్యామ్ గేట్లు మూసారు, కొన్ని గంటల్లో మొత్తం మునిగిపోయింది. తర్వాత శబ్ద తరంగాలతో (సోనార్) చూస్తే ఆ రాళ్ళన్నీ నీటి కింద అలాగే ఉన్నాయంట. అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న ఒప్పందాల హక్కుతో వాళ్ళు ఇప్పటికీ నది మీద చేపలు పడతారు, క్యాస్కేడ్ లాక్స్‌లో బ్రిడ్జి కింద అమ్ముతారు, మేమూ కొన్నాం.

నాన్న దేవీపట్నం మండలంలో తొమ్మిదేళ్ళు పనిచేసారు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు పోలవరం ముంపులో పోయింది, జనాన్ని కాలనీలకి పంపారు. పాపికొండలు మేమెప్పుడూ టూరిస్టుల్లా చూడలేదు, నాన్న ఉద్యోగానికి వెళ్ళే దారి అది మాకు. సిలైలో దగ్గర బోర్డు మీద పాత ఫోటో ఉంది, మంచెల మీద మనుషులు, కింద తెల్లటి నురుగు. దాన్ని చూసి నీటిని చూసి మళ్ళీ దాన్ని చూసారు. "చప్పుడెంత దూరం వినపడేదో" అన్నారు. చాలా మైళ్ళ దూరం వినపడేదని పెద్దవాళ్ళు చెప్పుకుంటారని నేను చదివింది చెప్పాను. నాన్న అప్పుడు, తను పనిచేసిన స్కూల్లో కూడా వరదొస్తే క్లాసులో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడేది కాదు అని, ఆ ఏడోతరగతి పిల్లల పేర్లు కొన్ని చెప్పారు, ఎవరు ఏ కాలనీలో ఉన్నారో కూడా తెలుసు ఆయనకి. గంటన్నర కూచున్నాం. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎక్కువ మాట్లాడుకోలేదు.

సెప్టెంబర్ రెండో శనివారం నలుగురు ఫ్రెండ్స్‌తో నేను టన్నెల్ ఫాల్స్ వెళ్ళాను, రానుపోను పన్నెండు మైళ్ళు. ఉక్కు తాళ్ళ దగ్గర ముందు నడిచే ఫ్రెండ్ మడమ మీదే కళ్ళు పెట్టుకుని వెళ్ళాను. సొరంగంలో తడి, చీకటి, అవతలి వైపు బయటికొస్తే జలపాతం చేతికందేంత దగ్గర, పైన ఎంతుందో కింద కూడా అంతే, సగం ఎత్తులో నిలబడతాం. వీడియో తీస్తే తడిసిపోయేలా ఉందని ఫోన్ జేబులోంచి కొంచెం బయటికి తీసి రెండు నిమిషాలు చప్పుడు రికార్డ్ చేసాను. సిగ్నల్ వచ్చాక క్యాస్కేడ్ లాక్స్ నుంచి నాన్నకి పంపించా, అక్కడ తెల్లవారుజాము.

ఇంటికి చేరేసరికి వాయిస్ మెసేజ్ వచ్చింది. గట్టు మీద నడుస్తూ పంపినట్టున్నారు, వెనక ఎవరో మాట్లాడుతున్నారు. "విన్నానమ్మా, రెండుసార్లు విన్నా. మోకాలు ఇప్పుడు బానే ఉంది. ఇక్కడ ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక తీసేసారు, నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి."